ఓల్మెక్ మట్టి బొమ్మకు లింక్ డాక్యుమెంట్లు ఉన్నాయా?

ప్రాచీన వస్తువుల వేలం జాబితాల్లో ఇలాంటి వివరణ తరచుగా కనిపిస్తుంది: "ఓల్మెక్ శిశువు. లాస్ బోకాస్, మెక్సికో. క్రీ.పూ. 1200–900. కాల్చిన మట్టి. ఎత్తు 30 సెంటీమీటర్లు. 1960లలో సేకరించినది. అమెరికాలోని ఒక ప్రైవేటు సేకరణ నుంచి. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష నివేదిక ఉంది." పక్కనే ఫొటో. కాళ్ళు చాపుకుని కూర్చున్న బొద్దు పాప. కింద ధర.

చూడటానికి ఆధార్ కార్డులా ఉంటుంది. పేరు, ఊరు, పుట్టిన కాలం, చిరునామా, అన్నీ ఉన్నాయి. పైగా పరీక్ష కూడా చేయించారు. కానీ ఇందులో ఏ ముక్కను పట్టుకుని కాస్త గట్టిగా లాగినా దారం ఊడి చేతికొస్తుంది. బొమ్మ అసలుదేనా, దాన్ని అమ్మడం చట్టబద్ధమేనా, అది నిజంగా మూడు వేల ఏళ్ళ నాటి మెక్సికో జనమైన ఓల్మెక్‌లదేనా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబిచ్చి మిగతా రెండింటికీ ఇచ్చినట్టు అనిపించేలా రాయడంలోనే జాబితా రాసేవారి నేర్పంతా ఉంటుంది.

ముందు బొమ్మను చూద్దాం. ఈ కోవకు చెందిన ఒక పాప న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. నెల్సన్ రాక్‌ఫెల్లర్ వీలునామా ద్వారా 1979లో అక్కడికి చేరింది. ఎత్తు 34 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర. లోపల బోలు. పైన తెల్లటి పూత, అక్కడక్కడ ఇంగిలీకం ఎరుపు. తొడలు, చేతులు పాలు తాగే పిల్లల్లా నిండుగా ఉంటాయి. ఒక చేతి వేలు నోటి దగ్గర. మెడ కింద వరకు ఏ ఇంట్లోనైనా చాప మీద కూర్చునే పాపే. ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపు ఆగిపోతుంది. ఉబ్బిన రెప్పల మధ్య సన్నని చీలికల్లాంటి కళ్ళు. మందమైన పై పెదవి, కిందికి వంగిన నోటి కొసలు. పైకి సాగదీసినట్టున్న తల. పసిపిల్ల ఒంటి మీద ఎవరో పెద్దమనిషి చిరాకు ముఖం తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. ఆడో మగో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఎవరీ పాప? వాన దేవుడి శిశురూపమన్నవారున్నారు. పాలకుల వంశానికి గుర్తన్నవారున్నారు. ఓల్మెక్‌ల పట్టణమైన లా వెంటాలోని ఐదో నంబరు రాతి పీఠం మీద పెద్దలు ఒళ్ళో పిల్లల్ని పెట్టుకున్న శిల్పాలున్నాయి కాబట్టి బలికి సంబంధించిన బొమ్మేమోనన్నవారూ ఉన్నారు. ఇవన్నీ ఊహలుగానే ఎందుకు మిగిలిపోయాయన్నదే అసలు కథ.

పేరు సంగతి తీసుకుంటే, ఓల్మెక్ అన్నది ఆ బొమ్మలు చేసినవారు పెట్టుకున్న పేరు కాదు. అజ్టెక్‌లు మాట్లాడిన నహువాటల్ భాషలో ఓల్లి అంటే రబ్బరు. మెక్సికో గల్ఫ్ తీరంలో రబ్బరు చెట్లున్న నేల మనుషుల్ని వారు అలా పిలిచేవారు. అదీ ఈ బొమ్మలు కాల్చిన రెండు వేల ఏళ్ళకు పైగా గడిచాక. 1920ల చివర్లో పండితులు ఆ పేరును తెచ్చి, ఒక ప్రత్యేకమైన ముఖకవళికలున్న పచ్చరాతి గొడ్డళ్ళకూ బొమ్మలకూ తగిలించారు. అప్పటికి అవి ఎంత పాతవో ఎవరికీ తెలియదు. మాయా నాగరికత కంటే ముందువని 1942లో మెక్సికో పురావస్తు నిపుణుడు అల్ఫోన్సో కాసో, చిత్రకారుడు మిగేల్ కొవరూబియాస్ గట్టిగా వాదించి దీన్ని "తల్లి సంస్కృతి" అన్నప్పుడు చాలామంది మాయా నిపుణులు కొట్టిపారేశారు. 1957లో లా వెంటా బొగ్గు నమూనాల వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష ఫలితాలు వచ్చాక గానీ వాదన కాసో వైపు మొగ్గలేదు.

ఇప్పుడు ఆ మాటకు రెండు అర్థాలున్నాయి, చిక్కంతా అక్కడే. ఒకటి, వెరాక్రూజ్, టబాస్కో రాష్ట్రాల చిత్తడి నేలల్లో సాన్ లొరెన్సో, లా వెంటా వంటి పట్టణాలు కట్టుకుని, టుష్ట్లా కొండల నుంచి బండ్లూ చక్రాలూ లేకుండా బసాల్ట్ బండలు తెచ్చి మనిషంత ఎత్తున్న, కొన్నిచోట్ల అంతకు మించిన రాతి తలలు చెక్కిన జనం. అలాంటి తలలు ఇప్పటికి 17 దొరికాయి. రెండోది, ఒక శైలి. ఆ వంగిన నోరు, ఆ కళ్ళు గల్ఫ్ తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, మధ్య మెక్సికో ఎత్తయిన నేలల్లోనూ కనిపిస్తాయి. వేలంలోకి వచ్చే బోలు శిశువుల్లో ఎక్కువ భాగం ఈ రెండో ప్రాంతానివని చెబుతారు. అప్పుడు వాటిని చేసింది ఓల్మెక్‌లా, ఓల్మెక్ శైలిని మెచ్చి అనుసరించిన వేరే ఊళ్ళవారా?

ఈ ప్రశ్న మీద 2005లో పెద్ద గొడవే జరిగింది. పురావస్తు శాస్త్రవేత్త జెఫ్రీ బ్లామ్‌స్టర్ బృందం 725 కుండపెంకుల, మట్టి నమూనాల రసాయన విశ్లేషణ చేసి, సాన్ లొరెన్సో కుండలు నలుమూలలకూ వెళ్ళాయి గానీ బయటి కుండలు అక్కడికి రాలేదని ప్రకటించింది. అంటే తల్లి ఒక్కతే, మిగతావారంతా పిల్లలు. అదే ఏడాది జేమ్స్ స్టోల్ట్‌మన్, జాయిస్ మార్కస్, కెంట్ ఫ్లానరీ తదితరులు పెంకుల్ని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో ఖనిజాలను చూసి, రాకపోకలు రెండు వైపులా ఉన్నాయన్నారు. తల్లి కాదు, అక్కచెల్లెళ్ళని వారి మాట. ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, ఇరువైపులా సాక్ష్యం చెప్పినవి ఏమిటో గమనించాలి. పగిలిపోయిన, ఎవరూ పది రూపాయలకు కొనని పెంకులు. ప్రతి పెంకూ ఏ ఊళ్ళో, ఏ పొరలో దొరికిందో రాసిపెట్టి ఉంది. గాజు పెట్టెల్లో దీపకాంతిలో మెరిసే అందమైన శిశువులకు ఈ కేసులో సాక్షి బోను ఎక్కే అర్హత లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే ఇటుక బట్టీల దగ్గరికి వెళ్ళాలి. మెక్సికో నగరపు అంచున త్లాటిల్కో అనే చోట 1930ల చివర్లో, 1940లలో కూలీలు ఇటుకల కోసం మట్టి తవ్వుతుంటే బొమ్మలు బయటపడ్డాయి. నహువాటల్‌లో త్లాటిల్కో అంటే దాచిపెట్టిన చోటు అని అర్థం. పేరు నిలబెట్టుకుంది. కొవరూబియాస్, చిత్రకారుడు డియెగో రివేరా కూలీల దగ్గర బొమ్మలు కొనేవారు. కొవరూబియాస్ అక్కడితో ఆగకుండా శాస్త్రీయ తవ్వకాలకూ పూనుకున్నాడు. 1942 నుంచి జరిగిన తవ్వకాల్లో వందలాది సమాధులు బయటపడ్డాయి. అప్పటికే బట్టీల్లోకి, బజారులోకి వెళ్ళిపోయినవాటి లెక్క మాత్రం లేదు.

జాబితాలో రాసిన లాస్ బోకాస్‌కు ఆ పాటి అదృష్టం కూడా దక్కలేదు. ప్యూబ్లా రాష్ట్రంలో ఇసూకర్ దె మాతామోరోస్ దగ్గరి చిన్న ఊరది. 1960లలో గుప్తనిధుల వేటగాళ్ళు అక్కడి నేలను గుల్ల చేశారు. అక్కడి బొమ్మలకు మంచి ధర పలకడంతో, ఎక్కడ దొరికిన బోలు శిశువైనా దుకాణానికి చేరేసరికి "లాస్ బోకాస్" అయిపోవడం మొదలైంది. ఎక్కడ నేసినా ఇక్కత్ చీరల్ని పోచంపల్లి అనేసినట్టే. కాకపోతే చీర విషయంలో మగ్గం దగ్గరికి వెళ్ళి అడగవచ్చు. ఇక్కడ ఊరి పేరు చెప్పింది తవ్వినవాడు, విన్నది కొన్న దళారి. ఇద్దరికీ నిజం చెప్పాల్సిన అవసరం లేదు. జాబితాలో "ఊరు" గడిలో ఉన్నది ఒక బ్రాండు పేరు.

ఇక థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష నివేదిక. చాలామంది కొనుగోలుదారులు దీన్ని చూసే గుండె మీద చెయ్యి వేసుకుంటారు. దాని పనితీరు నిజంగా చక్కనిదే. మట్టిలో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రేణువులు చుట్టూ ఉన్న సహజ వికిరణం నుంచి శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటాయి. బొమ్మను ఆవంలో కాల్చినప్పుడు ఆ నిల్వ సున్నా అవుతుంది. ఆ క్షణం నుంచి మళ్ళీ పోగవుతూ ఉంటుంది. బొమ్మ అడుగున, కనిపించని చోట సన్నగా తొలిచి కాస్త పొడి తీసి ప్రయోగశాలలో వేడి చేస్తే దాచుకున్న శక్తి మసక వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగును కొలిస్తే చివరిసారి కాలి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టవచ్చు. నిన్న మొన్న కాల్చినదైతే వెలుగు దాదాపు ఉండదు.

అయితే ఆ లెక్కకు బొమ్మ ఇన్నాళ్ళూ పాతిపెట్టి ఉన్న మట్టిలో వికిరణం ఎంతో కూడా తెలియాలి. ఆ మట్టి ఎక్కడిదో తెలియదు కాబట్టి అంచనా వేస్తారు. అందుకే అమ్మకపు వస్తువుల పరీక్షల్లో అయిదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు దాకా తేడా ఉండవచ్చని చెప్పుకుంటారు. మూడు వేల ఏళ్ళ బొమ్మలో అయిదో వంతంటే ఆరు వందల ఏళ్ళు అటో ఇటో. నివేదిక చెప్పగలిగింది "2,400 నుంచి 3,600 ఏళ్ళ మధ్య ఎప్పుడో కాలింది" అని మాత్రమే. మరి జాబితాలో "క్రీ.పూ. 1200–900" అని అంత కచ్చితంగా ఎలా వచ్చింది? పోలికతో. శాస్త్రీయ తవ్వకాల్లో అలాంటి ముక్కలు ఆ కాలపు పొరల్లో దొరికాయి కాబట్టి. అంటే వేలం బొమ్మ తన వయసును కూడా ఆ పగిలిన పెంకుల దగ్గరే అప్పు తెచ్చుకుంది.

పరీక్షను మోసం చేసే దారులూ ఉన్నాయి. పాత బొమ్మ మొండేనికి కొత్త తల అతికిస్తే, పొడి తీసిన చోటును బట్టి ఫలితం మారిపోతుంది. కృత్రిమంగా వికిరణానికి గురిచేసి "వయసు" పెంచవచ్చు. ఇక కంటితో పోల్చుకోవడమే ఆధారమైన రోజుల్లో ఏం జరిగిందో బ్రిహిదో లారా కథ చెబుతుంది. వెరాక్రూజ్‌కు చెందిన ఈ కుమ్మరి కళాకారుణ్ణి 1974లో పురావస్తువులు దొంగిలించాడని అరెస్టు చేశారు. పట్టుకున్న బొమ్మలు అసలైన ప్రాచీన వస్తువులేనని నిపుణులు తేల్చారు. అవి నేను చేసినవే మహాప్రభో అని లారా మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. చివరికి జైలుకే మట్టి తెప్పించుకుని అలాంటివే చేసి చూపించాడు. వాటినీ నిపుణులు ప్రాచీనమన్నాకే నిర్దోషిగా 1975లో బయటపడ్డాడు. తర్వాత షలాపా మానవశాస్త్ర మ్యూజియం ఆయన్ను బొమ్మల మరమ్మతులకు, నకిలీలను గుర్తించడానికి ఉద్యోగంలో పెట్టుకుంది. తాను దాదాపు 40,000 బొమ్మలు చేశానని ఆయన చెప్పుకున్నాడు. వాటిలో కొన్ని అమెరికాలోని పేరున్న మ్యూజియాల్లో ప్రాచీన కళగా కూర్చున్నాయి. ఆయన చేసినవి ఎక్కువగా ఓల్మెక్‌ల తర్వాతి వెరాక్రూజ్ శైలులు. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఈ శైలి ఇలాగే ఉంటుందని పండితులు నేర్చుకున్న నమూనాల్లోకే నకిలీలు చొరబడ్డాయి. తూకపు రాయే తప్పయితే బరువు ఎక్కడ సరిచూసుకోవాలి?

దొరికిన చోటు తెలిస్తే ఎంత తెలుస్తుందో చూపే ఉదాహరణ ఒకటుంది. ఓల్మెక్‌ల గురించి ఎప్పుడు చదివినా నా మనసు దాని దగ్గరే ఆగుతుంది. 1955లో లా వెంటాలో తవ్వేవారికి నేల కింద 16 చిన్న మనిషి బొమ్మలు, 6 నిలువు రాతి పలకలు కనిపించాయి. బొమ్మలు పడి లేవు, నిలబడి ఉన్నాయి. పలకలకు వీపు ఆనించి గరుకురాతి బొమ్మ ఒకటి. దానికి ఎదురుగా, చుట్టూ జేడ్, సర్పెంటైన్ వంటి నున్నని రాళ్ళ బొమ్మలు. ఏదో సభ జరుగుతున్నట్టు, ఎవరినో విచారిస్తున్నట్టు, లేదా ఎవరికో పట్టం కడుతున్నట్టు. ఇంకా వింత ఏమిటంటే, పాతిపెట్టి పైన రంగు మట్టితో నేలలు పరిచిన కొన్నాళ్ళకు ఎవరో సరిగ్గా ఆ బొమ్మల మీదికే గుంట తవ్వారు. తలలు కనిపించేదాకా వచ్చి ఆగారు. దేన్నీ తీయలేదు. మళ్ళీ పూడ్చేశారు. ఎక్కడున్నాయో వారికి గుర్తుంది. ఉన్నాయో లేదో చూసుకుని వెళ్ళారు.

ఈ సంగతి బొమ్మలు చెప్పలేదు. గుంటను పూడ్చిన మట్టి రంగు తేడా చెప్పింది. అదే 16 బొమ్మల్ని ఒక రాత్రి ఎవరో గునపంతో పెకలించి ఉంటే, 16 మంది సేకర్తల ఇళ్ళలో "నిలబడిన మనిషి, ఓల్మెక్" అన్న చీటీలతో విడివిడిగా ఉండేవి. గరుకురాతి బొమ్మ బహుశా అన్నిటికంటే చవగ్గా పోయేది.

అసలుదే అనుకున్నా, కొనవచ్చా? ఇక్కడ మన భూముల భాష పనికొస్తుంది. స్థలం కొనేవారు ఇప్పటి యజమాని దస్తావేజు ఒక్కటే చూసి డబ్బు ఇవ్వరు. ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చింది అని లింక్ డాక్యుమెంట్లు అడుగుతారు. "1960లలో సేకరించినది" అన్న మాట లింకు ఎక్కడ తెగిందో చెబుతుంది. అంతకు ముందు యజమాని ఎవరు? మెక్సికో దృష్టిలో జవాబు తేలిక. 1827లోనే ఆ దేశం పురావస్తువుల ఎగుమతిని నిషేధించింది. 1897 చట్టం పురావస్తు కట్టడాలను జాతి ఆస్తిగా ప్రకటించింది. 1972 చట్టం దేశంలోని పురావస్తువులన్నీ, అటు కట్టడాలూ ఇటు చేతిలో పట్టే బొమ్మలూ, ఎవరికీ బదలాయించలేని ప్రభుత్వ ఆస్తి అంది. మన పురావస్తువులు, కళాఖండాల చట్టం కూడా 1972లోదే.

అమెరికా కోర్టులకు ఆ లెక్క సరిపోలేదు. మెక్సికో పురావస్తువుల అమ్మకానికి సంబంధించిన మెక్లెయిన్ కేసులో 1977లో అప్పీలు కోర్టు ఒక గీత గీసింది. ఎగుమతి నిషేధం వేరు, యాజమాన్యం ప్రకటించుకోవడం వేరు. నిషేధాన్ని దాటి తెచ్చినంత మాత్రాన అమెరికాలో అది దొంగ సొత్తు కాదు. మెక్సికో అన్నిటి మీదా స్పష్టంగా యాజమాన్యం ప్రకటించుకున్నది 1972లోనే కాబట్టి, ఆ తర్వాత బయటికి వచ్చినదే దొంగ సొత్తు కింద లెక్క. 1972లోనే అమెరికా చేసిన మరో చట్టం ప్రాచీన అమెరికా ఖండపు పెద్ద శిల్పాలు, కట్టడాల ముక్కలు, కుడ్యచిత్రాల దిగుమతిని కట్టడి చేసింది. చేతిలో పట్టే మట్టి బొమ్మల్ని పట్టించుకోలేదు. కాబట్టి ఒకే పాప సరిహద్దుకు ఒక వైపు దొంగ సొత్తు, ఇంకో వైపు నిక్షేపంగా అమ్ముకోదగ్గ సరుకు. "1960లలో సేకరించినది" అన్న ముక్కకు జాబితాలో అంత విలువ ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అది చరిత్ర చెప్పడానికి రాసింది కాదు, కోర్టును దృష్టిలో పెట్టుకుని రాసింది.

పురావస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం కుదిరిన 1970ని హద్దుగా పెట్టుకోవాలని అమెరికా మ్యూజియం డైరెక్టర్ల సంఘం 2008లో తన సభ్యులకు సూచించింది. అప్పటి నుంచి పాత రసీదు, పాత ఫొటో, పాత ప్రదర్శన పుస్తకంలో ఒక పేజీ వంటివి బొమ్మ ధరను నిర్ణయించే సరుకులయ్యాయి. నకిలీ బొమ్మ చేయడం కష్టమైతే నకిలీ రసీదు చేయడం ఎంతసేపు?

పారిస్‌లో 2013లో ప్రాచీన అమెరికా ఖండపు కళాఖండాల బార్బియర్-ముల్లర్ సేకరణను సోథబీస్ సంస్థ వేలం వేసినప్పుడు మెక్సికో ప్రభుత్వం అడ్డు చెప్పింది. జాబితాలోని 130 మెక్సికో వస్తువుల్లో 51 తమ జాతి ఆస్తి అనీ, మిగతా 79 ఈ కాలపు చేతిపనులేననీ ప్రకటించింది. ఎంత గడుసు వాదనో చూడండి. అసలువైతే మావి, మీవైతే నకిలీలు. అయినా వేలం ఆగలేదు. ప్రాచీన మెక్సికోకు చెందిన చుపీక్వారో శైలి మట్టి స్త్రీ బొమ్మ ఒక్కటే దాదాపు 20 లక్షల యూరోలు పలికింది. చాలా వస్తువులు మాత్రం అమ్ముడుపోక మిగిలిపోయాయి.

ఇంటికి తిరిగి వెళ్ళినవి లేకపోలేదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్తూపానికి చెందిన సున్నపురాతి ఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో కొని 2016లో తిరిగి ఇచ్చింది. అది అంతకు ముందు చందవరంలోనే ఉందని చూపే ఫొటో దొరకడమే కారణం. మెక్సికోలోని చాల్కాట్సింగో నుంచి పోయిన టన్ను బరువున్న రాక్షస ముఖపు శిల్పం 2023లో అమెరికా నుంచి ఇల్లు చేరింది. దాని గురించి పండితులు 1968లోనే రాసిపెట్టారు. రాత్రికి రాత్రి సమాధి నుంచి తీసిన మట్టి పాపకు అలాంటి ఫొటో ఉండదు. తవ్వినవాడు తప్ప దాన్ని ముందెవరూ చూసి ఉండరు. రేపు ఎవరైనా మంచి మనసుతో తిరిగి ఇస్తానన్నా, మెక్సికో వరకు పంపగలరు గానీ ఊరికి పంపలేరు.

సాన్ లొరెన్సో తవ్వకాల్లో బోలు శిశువులు ముక్కలుగానే దొరికాయి. ఒక చెంప, ఒక కాలు, ఒక తల భాగం. దాదాపు పూర్తి బొమ్మ శాస్త్రీయ తవ్వకంలో బయటపడటం చాలా అరుదు. అలా దొరికినవాటిలో ఒకటి ఓహాకా రాష్ట్రంలోని ఎట్లటోంగోలో ఉంది. కుండపెంకుల అధ్యయనం చేసిన బ్లామ్‌స్టరే దాన్ని తవ్వి తీసి, 1998లో దాని గురించి రాశారు. చుట్టూ ఏమేం దొరికాయో చూసి, ఇది ఒక ఇంటివారి ఆటబొమ్మో పూజబొమ్మో కాదనీ, ఊరంతా కలిసి చేసుకున్న క్రతువుకు సంబంధించినదనీ వాదించారు. కాదనేవారు కాదనవచ్చు. కాదనడానికైనా ఆ తవ్వకపు కొలతలు, పొరల పటాలు ఉన్నాయి. తీసి చూడవచ్చు.